చియాంగ్ మైలో నాలుగు రోజులు: ఏ కొండ ఎక్కాలి, ఏ వ్యాన్ ఎక్కకూడదు

ముందు మీరు అడిగింది నాకు అర్థమైనట్టు చెప్తాను. డిసెంబర్ మూడో వారంలో శుక్రవారం రాత్రికి హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ మీదుగా ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మై చేరతారు. బుధవారం పొద్దున్నే తిరుగు ఫ్లైట్. మధ్యలో శని, ఆది, సోమ, మంగళ, నాలుగు పూర్తి రోజులు. మీరిద్దరు, తొమ్మిదేళ్ళ బాబు, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు. ఆవిడ శాకాహారి. ఒకరోజు చియాంగ్ రాయ్ తెల్లగుడి, గోల్డెన్ ట్రయాంగిల్, ఒకరోజు కొండల్లోని చిన్న ఊరు పాయ్, ఒకరోజు ఇంతనోన్ శిఖరం, ఒకరోజు ఏనుగులు, 'పొడవు మెడల' ఊరు అని ప్లాన్ వేసుకున్నారు. చియాంగ్ మై ఊరు మాత్రం సాయంత్రాలు చూసుకుంటాం అన్నారు.

నేను ఆ ఊళ్ళో రెండున్నరేళ్ళు ఉద్యోగం చేశాను. చుట్టాలు, స్నేహితులు వచ్చిన ప్రతిసారీ తిప్పి చూపించే పని నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను, మీ ప్లాన్‌లో సగం కొట్టేయండి. ఇందులో చెడ్డ చోటు ఒక్కటే ఉంది, దాని గురించి కింద చెప్తాను. మిగతావి మంచివే, కానీ ఇలా వెళ్తే నాలుగు రోజుల్లో చియాంగ్ మై కంటే వ్యాన్ కిటికీనే ఎక్కువసేపు చూస్తారు.

లెక్క చూడండి. చియాంగ్ రాయ్ 180 కిలోమీటర్ల పైమాటే. కొండదారి, ఒక్కో వైపు మూడు నుంచి మూడున్నర గంటలు. గోల్డెన్ ట్రయాంగిల్, అంటే మెకాంగ్ నదిలో రువాక్ నది కలిసేచోట థాయిలాండ్, లావోస్, మయన్మార్ ఎదురెదురుగా కనిపించే సోప్ రువాక్ ఊరు, అక్కడి నుంచి ఇంకో 60, 70 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. పొద్దున ఏడింటికి హోటల్ దగ్గర ఎక్కించుకుని రాత్రి తొమ్మిదికి దింపుతారు. మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు తెలివి తక్కువై నేనే ఆ టూరు బుక్ చేశాను. తెల్లగుడి దగ్గర ఇచ్చింది నలభై నిమిషాలు, అందులో పదిహేను నిమిషాలు బాత్రూమ్ క్యూలోనే పోయాయి. వేడినీటి ఊట అని ఆపినచోట గంటసేపు షాపింగ్. రాత్రికి అమ్మ మోకాళ్ళు వాచిపోయాయి, మర్నాడంతా హోటల్లోనే. "ఆ గుడి ఫోటోలో బాగుంది రా" అంది, అంతే.

తెల్లగుడి, వాట్ రోంగ్ ఖున్, పాతకాలపు గుడి కాదు. చలెర్మ్‌చై కోసిత్‌పిపత్ అనే చిత్రకారుడు 1997లో మొదలుపెట్టి ఇప్పటికీ కట్టిస్తూనే ఉన్నాడు. 2014 భూకంపంలో దెబ్బతింటే మళ్ళీ బాగుచేశారు. లోపలి గోడల మీద బుద్ధుడి కథలతోపాటు స్పైడర్‌మాన్‌లాంటి సినిమా బొమ్మలు కూడా ఉంటాయి. తీరిగ్గా చూడాల్సిన చోటు. అదే ఊళ్ళో థవాన్ దుచానీ అనే ఇంకో చిత్రకారుడు కట్టిన 'నల్ల ఇల్లు' బాన్ డామ్ దానికి పూర్తి వ్యతిరేకం, చెక్క, కొమ్ములు, ఎముకలు, తోళ్ళు. ఒకటి చూసి రెండోది చూడకపోతే చియాంగ్ రాయ్ సగమే చూసినట్టు. అంచేత దాన్ని ఇంకో ప్రయాణానికి దాచుకోండి. అప్పుడు చియాంగ్ మైలో దిగి, మూడో నాలుగో రోజు బస్సులో చియాంగ్ రాయ్ వెళ్ళి రెండు రాత్రులుండి, అక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచే బ్యాంకాక్ వచ్చేయండి. వెనక్కి వచ్చే మూడు గంటలు మిగులుతాయి.

పాయ్ సంగతి ఇంకా తేలిక. ఆ దారిలో 762 మలుపులున్నాయని వాళ్ళే గొప్పగా టీషర్టుల మీద అచ్చేసి అమ్ముతారు. 130 కిలోమీటర్లకు మూడు గంటలు. పిల్లాడితో ఒకే రోజులో పోయి రావడమంటే 1,524 మలుపులు. వద్దు.

ఇక 'పొడవు మెడల ఊరు'. మెడకు ఇత్తడి చుట్టలు వేసుకునే ఆ ఆడవాళ్ళు కయాన్ అనే జాతివాళ్ళు. బర్మా సైన్యంతో గొడవల వల్ల 1980ల నుంచి సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు, వాళ్ళ పిల్లలు. చియాంగ్ మై చుట్టుపక్కల టూరు వ్యాన్లు ఆగే ఆ 'ఊళ్ళు' చాలామటుకు టిక్కెట్టు పెట్టి చూపించడానికి కట్టినవే. వెళ్ళినవాళ్ళు ఇంటిముందు కూర్చున్న మనిషి పక్కన నిలబడి ఫోటో దిగి వచ్చేస్తారు. నేను ఒకసారి వెళ్ళాను, పది నిమిషాల్లో బయటికొచ్చేశాను. కొంతమంది వాళ్ళకు అదే కదా జీవనాధారం అంటారు. ఆ వాదనా తోసెయ్యదగ్గది కాదు. అయినా తొమ్మిదేళ్ళ పిల్లాడికి మనిషిని అలా చూడటం నేర్పించాలని మీకూ ఉండదనుకుంటా.

ఇప్పుడు ఏం చూడాలో చెప్తాను.

శనివారం పూర్తిగా చియాంగ్ మై నగరానికే కేటాయించండి. థాయ్ ఉత్తరాది మాటలో 'చియాంగ్' అంటే గోడకట్టు ఉన్న నగరం, 'మై' అంటే కొత్త. మన లెక్కలో కొత్తూరు. ఆ కొత్తూరికి ఇప్పుడు ఏడు వందల ఏళ్ళు దాటాయి. ఈ ఉత్తరాది ప్రాంతాన్ని ఏలిన లాన్నా రాజ్యపు రాజు మంగ్రాయ్ 1296లో కట్టించాడు. అంతకుముందు ఆయన రాజధాని వియాంగ్ కుమ్ కామ్, ఇప్పటి ఊరికి ఆగ్నేయంగా ఐదారు కిలోమీటర్లు. పింగ్ నది మాటిమాటికీ ముంచేస్తుంటే ఇటు మారాడు. ఆ పాత ఊరు తర్వాత మట్టికింద కప్పబడిపోయి, 1980లలో గానీ మళ్ళీ బయటపడలేదు. కొత్త కోట చతురస్రం, ఒక్కో పక్క దాదాపు కిలోమీటరున్నర, చుట్టూ నీళ్ళున్న కందకం. తూర్పు ద్వారం పేరు థా ఫే, అంటే తెప్పల రేవు. హోటల్ ఈ ద్వారానికి లోపలి వైపు తీసుకుంటే అమ్మగారికి నడక తగ్గుతుంది.

కోట లోపల గుడులు పదుల్లో ఉన్నాయి. అన్నీ తిరిగితే ఏదీ గుర్తుండదు. మూడు చాలు.

మొదట వాట్ చియాంగ్ మన్. ఊళ్ళో అన్నిటికంటే పాత గుడి ఇదే, కోట కట్టించేటప్పుడు మంగ్రాయ్ ఉన్నది ఇక్కడేనంటారు. వెనక చైత్యాన్ని చుట్టూ ఏనుగులు వీపు మీద మోస్తున్నట్టు ఉంటుంది. బాబును ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. చిన్న మందిరంలో ఇనుప కటకటాల వెనక రెండు విగ్రహాలుంటాయి. ఒకటి స్ఫటిక బుద్ధుడు. రెండోది 'ఫ్రా సిలా', అంటే అచ్చంగా మన 'శిల'. చిన్న రాతిపలక మీద బుద్ధుడు నలాగిరి అనే మదపుటేనుగును లొంగదీసుకునే ఘట్టం చెక్కి ఉంటుంది. భారతదేశం నుంచో శ్రీలంక నుంచో వచ్చిందని చెప్పుకుంటారు. నాకు అది చూడగానే మన అమరావతి గుర్తొచ్చింది. ఇదే ఘట్టాన్ని అమరావతి శిల్పి గుండ్రటి పతకంలో చెక్కాడు, ఏనుగు తొక్కుకుంటూ రావడం, జనం కిటికీల్లోంచి చూడటం, చివరికి అది బుద్ధుడి ముందు మోకరిల్లడం, అన్నీ ఒకే రాతిలో. అది ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. బయల్దేరే ముందు బాబుకు ఆ ఫోటో చూపించి తీసుకెళ్ళండి, వాడే గుర్తుపడతాడు.

రెండోది వాట్ చెడి లువాంగ్. చెడి అంటే చైత్యం, లువాంగ్ అంటే పెద్దది. 14వ శతాబ్దం చివర మొదలై తర్వాతి శతాబ్దంలో పూర్తయింది. 1545 భూకంపంలో పైభాగం కూలిపోయింది. కూలిన తర్వాత మిగిలిందే ఇంకా ఊళ్ళో అన్నిటికంటే గంభీరంగా ఉంటుంది. ఇప్పుడు బ్యాంకాక్‌లో రాజప్రాసాదం ఆవరణలో అందరూ చూసే మరకత బుద్ధుడు 15వ శతాబ్దంలో ఈ చైత్యంలోని గూట్లోనే ఉండేవాడు. ఆవరణలోనే నగర స్తంభం ఉన్న చిన్న మందిరం ఉంది, దాంట్లోకి ఆడవాళ్ళను రానివ్వరు. అమ్మగారికి ముందే చెప్పండి, గుమ్మం దాకా వెళ్ళి బోర్డు చదివితే మనసు చివుక్కుమంటుంది. మూడోది వాట్ ఫ్రా సింగ్. అక్కడ పెద్ద మందిరం చూసి వచ్చేయకుండా వెనక ఉన్న చిన్న లాయ్ ఖమ్ విహారంలోకి వెళ్ళండి. గోడచిత్రాల్లో అప్పటి జనం ఏం కట్టుకునేవారు, ఎలా కూర్చునేవారు, ఎలా కబుర్లాడేవారు, అన్నీ ఉన్నాయి. తొడల నిండా పచ్చబొట్లున్న మగవాళ్ళను చూపిస్తే బాబు ఓ పట్టాన కదలడు.

ఈ మూడూ ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండున్నరకల్లా అయిపోతాయి. మధ్యాహ్నం పడుకోండి. సాయంత్రం కోటకు దక్షిణాన వువా లాయ్ వీధిలో శనివారం బజారు. అది వెండిపని వాళ్ళ పేట. పక్కనే వాట్ శ్రీ సుఫన్ అనే వెండి గుడి రాత్రి దీపాల్లో చూడాలి. దాని లోపలికీ ఆడవాళ్ళకు ప్రవేశం లేదు, బయటినుంచి చూడటమే.

ఆదివారం డోయి సుతేప్. 'డోయి' అంటే అక్కడి మాటలో కొండ. సుతేప్ అన్నది వాసుదేవుడనే ఋషి పేరు మీద వచ్చిందట. ఈ గుడి చూడకపోతే చియాంగ్ మై చూసినట్టే కాదని అక్కడివాళ్ళు అంటారు, ఇది మాత్రం టూరిజం వాళ్ళ మాట కాదు, నిజంగానే అనుకుంటారు. కథ ఇదీ. బుద్ధుడి ధాతువును, అంటే పవిత్ర అవశేషాన్ని, తెల్ల ఏనుగు వీపు మీద పెట్టి వదిలేశారు. అది అడవిలో పడి కొండెక్కి, ఓచోట మూడుసార్లు ఘీంకరించి అక్కడే ప్రాణం వదిలింది. అక్కడ 1383లో చైత్యం కట్టారని చెప్తారు. ఊరి నుంచి 15 కిలోమీటర్లు, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైన. రోడ్డు 1935లో గానీ పడలేదు. అప్పటిదాకా నడిచే ఎక్కేవారు. క్రూబా శ్రీవిచై అనే భిక్షువు పిలుపిస్తే వేలమంది జనం పలుగూ పారా పట్టుకుని వచ్చి ఆర్నెల్లలోపే దారి వేసేశారు. కొండ మొదట్లో ఆయన విగ్రహం ఉంటుంది. ప్రతి డ్రైవరూ అటు చెయ్యెత్తి దణ్ణం పెట్టి గానీ ముందుకు పోడు.

పైన నాగ సర్పాలు రెండు పక్కలా పడగెత్తిన మూడు వందల పైచిలుకు మెట్లున్నాయి. అమ్మగారు ఎక్కక్కర్లేదు, పక్కనే పట్టాల మీద నడిచే లిఫ్టు ఉంది, టిక్కెట్టు కొద్ది బాత్‌లే (బాత్ అంటే థాయ్ డబ్బు). మా అమ్మ మాత్రం పైకి లిఫ్టులో వెళ్ళినా ఆ మెట్లు చూసి, "ఇది వాసుకేనా?" అని అడిగింది. ఏమో, అవునన్నాను. బంగారు చైత్యం చుట్టూ తామరమొగ్గ, అగరొత్తులు పట్టుకుని మూడు ప్రదక్షిణలు చేస్తారు. ఎవరూ నేర్పించకుండానే అమ్మ ఆ వరసలో కలిసిపోయింది. ఏడింటికల్లా పైన ఉండేట్టు బయల్దేరండి. తొమ్మిదిన్నర దాటితే బస్సులొస్తాయి, ప్రదక్షిణ కాస్తా తోపులాటవుతుంది. దిగేటప్పుడు సగం దారిలో వాట్ ఫా లాట్ దగ్గర ఆపించండి. చెట్ల మధ్య నాచుపట్టిన రాతి మందిరాలు, రాతిబండ మీదుగా జారే సెలయేరు. నిజం చెప్పాలంటే నాకు పైనున్న బంగారం కంటే ఇదే ఇష్టం.

సాయంత్రం థా ఫే ద్వారం నుంచి రాచదమ్నోన్ వీధి పొడుగునా ఆదివారం బజారు. ఐదింటికే వెళ్ళండి, ఏడు దాటితే అడుగు తీసి అడుగు వేయలేరు. సరిగ్గా ఆరింటికి మైకులో జాతీయగీతం వస్తుంది. అంత బజారూ ఒక్కసారి బొమ్మలా ఆగిపోతుంది, బేరాలు సహా. మీరూ ఆగి నిలబడండి. పాట అవగానే ఏమీ జరగనట్టు మళ్ళీ బేరాలు.

సోమవారం డోయి ఇంతనోన్. రోజంతా వ్యాన్‌లో గడిపినా తప్పులేదని నేను ఒప్పుకునే ప్రయాణం ఇదొక్కటే. 2,565 మీటర్లు, థాయిలాండ్‌లో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. ఊరి నుంచి వంద కిలోమీటర్లు, రెండు గంటలు, తారురోడ్డు కొసదాకా ఉంది. చియాంగ్ మైకి సొంత అధికారాలున్న చివరి రాజు ఇంతవిచయానోన్ (మన ఉచ్చారణలో ఇంద్రవిజయానంద) 1897లో పోయాడు. ఈ అడవులంటే ఆయనకు ప్రాణం. అస్థికలు ఈ శిఖరం మీదే ఉంచమన్నాడు. కొండకు ఆ పేరే మిగిలింది. శిఖరం దగ్గర చెట్ల మధ్య ఆ చిన్న స్తూపం ఇప్పటికీ ఉంది. వ్యాన్లవాళ్ళు 'ఎత్తైన చోటు' బోర్డు దగ్గర ఫోటో తీయించి లాక్కుపోతారు, అది చూపించరు. మీరు అడిగి చూడండి.

వరస ఇలా పెట్టుకోండి. ఆరున్నరకు బయల్దేరి ఆగకుండా శిఖరానికి వెళ్ళిపోండి. దగ్గర్లోనే ఆంగ్ కా అని చిన్న చెక్కబాట, కొన్ని వందల మీటర్లే. నాచు కమ్మిన చెట్లు, మంచు, మన దక్కన్ ఎండకు అలవాటైన కళ్ళకు వేరే లోకం. చెక్క తడిగా ఉంటే జారుతుంది, అమ్మగారి చెయ్యి పట్టుకోండి. తర్వాత కొంచెం కిందికి దిగితే రెండు పెద్ద చైత్యాలు, ఒకటి 1987లో రాజు భూమిబల్ అరవై ఏళ్ళకు, రెండోది 1992లో రాణి సిరికిత్ అరవై ఏళ్ళకు వాయుసేన కట్టించింది. మన షష్టిపూర్తి లాగే, వాళ్ళకూ పన్నెండేళ్ళ చక్రాలు ఐదు తిరిగితే పెద్ద పండగ. పూలతోటలు బాగుంటాయి, ఎక్కడానికి ఎస్కలేటర్ కూడా ఉంది. పొద్దున మేఘాలు కింద ఉండి మీరు పైన ఉంటారు. ఆ చైత్యాల ఎదురుగానే క్యూ మే పాన్ నడకదారి, మూడు కిలోమీటర్లు. స్థానిక గైడ్‌ను తీసుకోవడం తప్పనిసరి. వానాకాలంలో మూసేస్తారు, డిసెంబర్‌లో తెరిచే ఉంటుంది. మీలో ఒకరు బాబుతో వెళ్ళండి, రెండు గంటల పైన పడుతుంది. ఇంకొకరు అమ్మగారితో తోటలో కూర్చోవచ్చు.

దిగుతూ రాయల్ ప్రాజెక్ట్ తోటల దగ్గర భోజనం. 1969లో మొదలైన ఈ ప్రాజెక్ట్ కథ బాబుకు చెప్పదగ్గది. ఈ కొండల్లో మోంగ్ జాతివాళ్ళు అప్పట్లో నల్లమందు పండించేవారు. వాళ్ళ చేత దాని బదులు స్ట్రాబెర్రీ, క్యాబేజీ, కాఫీ, పూలు పండించేట్టు చేశారు. రోడ్డు పక్క మోంగ్ బజారులో డిసెంబర్‌లో స్ట్రాబెర్రీలు రాశులు పోసి ఉంటాయి. కారం ఉప్పు పొట్లం కూడా ఇస్తారు, మనం జామకాయకు అద్దుకున్నట్టు అద్దుకోవడానికి. ఆఖరున వచిరథాన్ జలపాతం. కారు ఆగేచోటు నుంచి పెద్దగా నడక లేదు, నీటితుంపర మీద ఎండ పడితే ఇంద్రధనుస్సు.

చలి గురించి తేలిగ్గా తీసుకోకండి. ఊళ్ళో మధ్యాహ్నం టీషర్టు చాలు. శిఖరం మీద డిసెంబర్ పొద్దున సున్నాకు దగ్గరగా పడే రోజులుంటాయి, గడ్డి మీద మంచు గడ్డకడితే చూడటానికి థాయ్‌వాళ్ళే ఎగబడతారు. స్వెటర్, మంకీ క్యాప్, సాక్సులు, అమ్మగారికి శాలువా. పార్కు టిక్కెట్టు విదేశీ పెద్దలకు 300 బాత్, పిల్లలకు 150, నేనున్నప్పటి ధర అది. పార్కులో చూసేవన్నీ ఆ రోడ్డు పొడుగునా ఉన్నవే కాబట్టి చీటీ దాచుకోండి, దారిలో మళ్ళీ అడుగుతారు. పైగా మీరు వెళ్ళేది సోమవారం, మంచిదే. శని, ఆదివారాలు, ముఖ్యంగా కొత్త సంవత్సరం దగ్గర, ఆ కొండ మీద ట్రాఫిక్ మన శ్రావణమాసం ఘాట్ రోడ్డే.

దీనికి టూరు వ్యాన్ కాకుండా డ్రైవర్‌తో కారు మాట్లాడుకోండి. రోజుకు రెండు మూడు వేల బాత్ మధ్య అడుగుతారు. పెట్రోల్ కలిపా, విడిగానా అన్నది ముందే తేల్చుకోండి, తగాదాలన్నీ అక్కడే. నలుగురికి పంచుకుంటే టూరు టిక్కెట్లతో పెద్ద తేడా ఉండదు, అమ్మగారికి బాత్రూమ్ కావాలంటే బండి ఆగుతుంది.

మంగళవారం రెండు జట్లుగా విడిపోమంటాను. ఒకరు బాబుతో ఏనుగుల దగ్గరికి, ఒకరు అమ్మగారితో లంపూన్‌కి.

ఏనుగుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. థాయిలాండ్‌లో 1989లో అడవుల్లో కలప నరకడం నిషేధించారు. అంతకుముందు ఏడాది దక్షిణాన వచ్చిన వరదల్లో, నరికిన దుంగలు కొట్టుకొచ్చి ఊళ్ళ మీద పడి జనం చచ్చిపోయారు, నిషేధం దాని ఫలితం. దాంతో దుంగలు లాగే ఏనుగులకు ఒక్కసారిగా పని పోయింది. మావటి ఏం చేస్తాడు? రోజుకు వంద కిలోల పైన మేసే జంతువును పోషించాలి. సవారీలు, ఫుట్‌బాల్ ఆటలు, బొమ్మలు గీయించడం అలా వచ్చాయి. ఇప్పుడు జనం దాన్ని తప్పుపడుతున్నారు కాబట్టి ప్రతివాడూ 'శాంక్చువరీ' అని బోర్డు మార్చాడు. బోర్డు చూసి మోసపోకండి. బుక్ చేసే ముందు మూడు ప్రశ్నలడగండి. సవారీ ఉందా? ఆటలు ఉన్నాయా? రోజుకు ఎన్ని బ్యాచ్‌లు స్నానం చేయిస్తారు? మూడోది అసలు ప్రశ్న. పొద్దున్నుంచీ ఒక్కో బ్యాచ్‌కీ ఏనుగు నీళ్ళలో దిగి పడుకోవాల్సి వస్తుందంటే అదీ డ్యూటీయే. దూరం నుంచి చూడనిచ్చి, మేత మాత్రం వేయనిచ్చే చోటు ఉత్తమం. మే తేంగ్ లోయలో సాంగ్‌డువాన్ 'లెక్' చైలెర్ట్ నడిపే ఎలిఫెంట్ నేచర్ పార్క్ ఈ మార్పుకు దారి చూపించింది. అక్కడ నెలల ముందే నిండిపోతుంది, ఈరోజే చూడండి. గుడ్డిదో, కుంటిదో అయిన ముసలి ఏనుగు పక్కన రెండోది కాపలాగా నడవడం చూస్తే సవారీ గురించి బాబు ఇక అడగడు.

ఏనుగుల చోటు దొరక్కపోతే బాబును బువా తోంగ్ జలపాతానికి తీసుకెళ్ళండి, ఊరికి ఉత్తరాన అరవై కిలోమీటర్లు. నీళ్ళలోని సున్నం రాతి మీద గరుగ్గా పేరుకుపోయి, నాచు పట్టదు. ఉత్తి కాళ్ళతో నీటికి ఎదురుగా జలపాతం మీదికి నడిచి ఎక్కేయొచ్చు, జారరు. నేను మొదటిసారి నమ్మలేదు. పిల్లలు సాలెపురుగుల్లా ఎక్కుతుంటారు. మారు బట్టలు పెట్టుకోండి.

లంపూన్‌ను ఎందుకో మనవాళ్ళు ఎవరూ పట్టించుకోరు. పాతిక కిలోమీటర్లే. మంగ్రాయ్ కంటే ముందు ఇది హరిపుంజయ అనే మోన్ జాతివాళ్ళ రాజ్యానికి రాజధాని, మొదటి పాలకురాలు చామదేవి అనే రాణి. ఊరి మధ్య వాట్ ఫ్రా థాట్ హరిపుంచై, బంగారు చైత్యం, పెద్ద కంచు జేగంట, మధ్యాహ్నం కూడా ప్రశాంతంగా ఉండే ఆవరణ. మెట్లు లేవు, అమ్మగారికి హాయి. వాట్ చామదేవిలో ఇటుక చైత్యం మెట్లుమెట్లుగా పైకి సన్నబడుతుంది. ఐదు అంతస్తులు, నాలుగు వైపులా అంతస్తుకు ముగ్గురు చొప్పున మొత్తం అరవైమంది బుద్ధులు నిలబడి ఉంటారు. వెళ్ళేటప్పుడు డ్రైవర్‌కు హైవే వద్దు, సరఫి మీదుగా పాత 106 రోడ్డు అని చెప్పండి. రెండు పక్కలా ఆకాశాన్నంటే యాంగ్ చెట్లు, వందేళ్ళ పైబడినవి, ప్రతి చెట్టుకూ కాషాయగుడ్డ చుట్టి ఉంటుంది. చెట్టుకే దీక్ష ఇచ్చేశారన్నమాట, ఇక గొడ్డలి పడదు.

భోజనం గురించి మీరు టెన్షన్ పడుతున్నారు కదా. థాయ్ వంటలో చేపల సాస్ కనబడకుండా కలుస్తుంది. 'వెజిటేరియన్' అంటే మాంసం ముక్కలు తీసేసి అదే పులుసు పోసేస్తారు. 'జే' అనాలి. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలున్న కొట్లు జే కొట్లు, చేపసాస్, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, కాబట్టి ఆవిడ కార్తీకమాసం నియమాలకు సైతం సరిపోతుంది. కాకపోతే రుచి చప్పగా అనిపిస్తుంది. ఆవకాయ చిన్న సీసా చెక్-ఇన్ సామాన్లో పెట్టుకోండి. మీరు మాంసం తింటారు కాబట్టి ఖావ్ సోయ్ వదలకండి, కొబ్బరిపాల కూరలో మెత్తటి నూడుల్స్, పైన వేయించిన నూడుల్స్, పక్కన ఆవ ఆకు ఊరగాయ, నిమ్మబద్ద. వరోరోట్ బజారులో 'నమ్ ప్రిక్ నుమ్' అని అమ్ముతారు. పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కాల్చి దంచినది, చూస్తే మన రోటి పచ్చడే. అమ్మగారికి పెట్టేముందు చేపసాస్ వేశారా అని అడగండి, చాలాచోట్ల వేస్తారు.

ఊళ్ళో తిరగడానికి ఎర్ర సాంగ్‌తావ్‌లు ఉన్నాయి. అంటే 'రెండు వరసలు', వెనక రెండు బల్లలున్న మన షేర్ ఆటో లాంటి ట్రక్కు. కోట చుట్టుపక్కలకు మనిషికి 30 బాత్ మామూలు ధర. ఎక్కే మెట్టు ఎత్తు, అమ్మగారికి గ్రాబ్ యాప్‌లో కారే నయం. స్కూటర్ అద్దెకు తీసుకుందామన్నారు. మోటార్‌సైకిల్‌కు కూడా చెల్లే ఇంటర్నేషనల్ పర్మిట్ లేకపోతే వద్దు. పోలీసు ఆపితే జరిమానా ఒక్కటే కాదు, పడితే ఇన్సూరెన్స్ కూడా రాదు.

ఇదే చదివి వేరే నెలల్లో వెళ్దామనుకునే వాళ్ళకు ఒక్క మాట. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టే కాలం. ఆ పొగ వల్ల ఎదురుగా ఉన్న సుతేప్ కొండ కూడా కనబడదు, ఉబ్బసం ఉన్నవాళ్ళు అసలు వెళ్ళకూడదు. నవంబర్‌లో పున్నమికి యీ పెంగ్, లాయ్ క్రతోంగ్ పండుగలు. అరటిబోదె ముక్క మీద పూలు, దీపం పెట్టి నదిలో వదులుతారు. మన కార్తీక పౌర్ణమికి గోదావరి ఘాట్‌లో అరటిదొప్పల్లో దీపాలు వదలడం చూసినవాళ్ళకు అక్కడ కాసేపు ఏ ఊళ్ళో ఉన్నామో తెలియదు. తిథి కూడా చాలా ఏళ్ళు ఒకటే పడుతుంది. అప్పుడు హోటల్ రేట్లు మాత్రం మండిపోతాయి.

ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచీ థాయిలాండ్ డిజిటల్ అరైవల్ కార్డ్ ఆన్‌లైన్‌లో నింపొచ్చు, ఉచితం, 2025 మే నుంచి తప్పనిసరి. బాబుకు కూడా విడిగా నింపాలి. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే అది అసలుది కాదు. వీసా నియమాలు అటూ ఇటూ మారుతుంటాయి, టిక్కెట్లు తీసే ముందు ఒకసారి ఎంబసీ సైట్ చూసుకోండి.

ఇంకొకటి, హోటల్. మీరు పంపిన రెండు పేర్లలో పాత చెక్క ఇల్లుది చాలా అందంగా ఉంది, నిజమే. కానీ కోట లోపలి అలాంటి గెస్ట్‌హౌస్‌లలో చాలావాటికి లిఫ్ట్ ఉండదు, మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. కింది అంతస్తు గది రాసిస్తారా అని మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.